సన్నబడ్డ మంట

తెనాలి బజారులో ఒకాయన నలభై ఏళ్ళు స్టవ్వులు బాగుచేశాడు. మొదట్లో కిరసనాయిలు పంపు స్టవ్వులు, ఆ తర్వాత గ్యాస్ స్టవ్వులు. జెట్టులో పిన్ను పెట్టి పొడిచేవాడు, నోటితో ఊదేవాడు, అగ్గిపుల్ల గీసి చూసేవాడు. మంట నీలంగా, పొట్టిగా, కదలకుండా నిలబడితేనే డబ్బులు పుచ్చుకునేవాడు. పచ్చగా ఊగిందంటే మళ్ళీ విప్పేవాడు. "గిన్నె అడుగు చూస్తే స్టవ్వు సంగతి తెలుస్తుందమ్మా. మసి పట్టిందంటే గాలి తగలడం లేదన్నమాట" అని ఆడవాళ్ళకు ఓపిగ్గా చెప్పి పంపేవాడు.

ఆయన కూతురు డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాపురం ఉంటోంది. అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచివాడు. భార్య పోయిన ఏడాదికి పెద్దాయన ఆరు నెలలు ఉండి వద్దామని అక్కడికి వెళ్ళాడు. వెళ్ళిన పూటే అల్లుడు ఇల్లంతా తిప్పి చూపించాడు. "మామయ్యగారూ, ఈ తలుపు తీస్తే అలారం మోగుతుంది. ఆ మెషీన్లో మామూలు సబ్బు వేయకండి. రాత్రిపూట లైట్లు వాటంతటవే ఆరిపోతాయి, స్విచ్చులు ముట్టుకోకండి. వెనక పెరట్లో గ్రిల్ ఉంది, అది గ్యాసుది. దాని దగ్గరికి మాత్రం పోకండి, ఇక్కడి బండలు వేరు."

"అలాగే అల్లుడు గారూ" అన్నాడాయన.

అల్లుడి మాటల్లో ఉన్నది భయమే కానీ చులకన కాదు. కానీ పెద్దాయన ఆ రోజు నుంచి మాట తగ్గించేశాడు. అడిగితే ఊఁ, లేకపోతే లేదు. కూతురికి కడుపులో దేవినట్టుండేది. "నాన్న ఇంట్లో ఉన్నట్టే లేడు. ఫోన్లో గంటలు గంటలు మాట్లాడే మనిషి" అని మొగుడితో అనేది.

ఒక్కసారి మాత్రం నోరు తెరిచి ఒకటి అడిగాడు. కాల్చిన వంకాయ పచ్చడి తినాలని ఉందన్నాడు. వాళ్ళింట్లో పొయ్యి గాజుపలక మీద నడిచే కరెంటు పొయ్యి. దానిమీద వంకాయ కాలేదెక్కడ? "వెనక గ్రిల్ మీద కాలుద్దాం నాన్నా" అంది కూతురు.

అప్పుడు బయటపడింది గ్రిల్ సంగతి. మే నెల చివరి సోమవారం అక్కడ సెలవు. ఆ వారాంతం నుంచే పెరళ్ళలో గ్రిల్లులు వెలిగించే కాలం మొదలవుతుంది. చలికాలమంతా గుడ్డ కప్పి ఉంచిన గ్రిల్‌ని అల్లుడు శనివారం సాయంత్రం తెరిచాడు. నాలుగు బర్నర్లూ వెలిగాయి కానీ మంట చిటికెన వేలి గోరంత. మూత వేసి అరగంట ఆగినా మూత మీది ముల్లు 250 ఫారెన్‌హీట్ దాటి పైకి పోలేదు. మామూలుగా అది 500 దాటాలి. వంకాయ కాలలేదు, వాడిపోయింది.

బండలో గ్యాసు అయిపోయిందనుకుని అల్లుడు కారులో వెళ్ళి కొత్త బండ తెచ్చాడు. మంట అంతే. రెగ్యులేటరు పోయిందనుకుని మరుసటి వారం రెగ్యులేటరూ పైపూ కలిపి కొత్తవి తెప్పించి బిగించాడు. మంట అంతే. మూడో వారం బర్నర్లు నాలుగూ ఊడదీసి, ఇనప బ్రష్షుతో చిల్లులన్నీ తోమి మళ్ళీ పెట్టాడు. మంట అంతే. గ్రిల్ తయారుచేసినవాళ్ళని తిట్టాడు, బండ ఇచ్చినవాళ్ళని తిట్టాడు, ఇంత డబ్బు తగలేశానని తన్ను తాను తిట్టుకున్నాడు. ఈ మూడు వారాలూ పెద్దాయన వసారాలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాడు. పోవద్దన్నారు కాబట్టి దగ్గరికి పోలేదు.

చివరికి కూతురే అంది. "నాన్నా, నలభై ఏళ్ళు మంటలు చూసినవాడివి. ఒక్కసారి వచ్చి చూడు."

పెద్దాయన అల్లుడి వంక చూశాడు. మోచేతుల దాకా మసి, చొక్కా చెమటకి వంటికి అంటుకుపోయి ఉంది. "చూడండి మామయ్యగారూ" అన్నాడు అల్లుడు, చేతిలో ఉన్న రెంచి పక్కన పెట్టేసి.

"నేనేమీ ముట్టుకోను. మీరు రోజూ ఎట్లా వెలిగిస్తారో అట్లాగే ఇంకోసారి వెలిగించండి. ఏమీ మార్చొద్దు."

అల్లుడు మూత ఎత్తాడు. వంగి, బండ నెత్తిన ఉన్న మూడు మూలల చక్రాన్ని ఒక్క విసురులో మొత్తం తిప్పేశాడు. తిప్పిన మరుక్షణం బండకి బిగించిన నల్లటి ప్లాస్టిక్ నట్టు దగ్గర్నుంచి 'టక్' మని చిన్న చప్పుడు. గోరుతో పలక మీద కొట్టినంత చప్పుడు.

"మూసేయండి" అన్నాడు పెద్దాయన. "విన్నారా?"

"ఏమిటి?"

ఆయన జవాబు చెప్పకుండా గ్రిల్ ముందు భాగం చూపించాడు. నాలుగు నాబుల్లో రెండు సగం తిరిగి ఉన్నాయి. "ఇవి తెరిచి ఉన్నాయేం?"

"నిన్న ముందు బండ కట్టేశానండి. పైపులో మిగిలింది కాలిపోతుందని నాబులు అట్లాగే వదిలేశాను. రోజూ అంతే చేస్తాను."

పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. నెలన్నర తర్వాత ఆ ఇంట్లో ఆయన నోటి నుంచి నాలుగు మాటలు వరసగా వచ్చాయి. "అల్లుడు గారూ, ఒక వీధిలో ఒక ఇంటికే నీళ్ళు సన్నగా వస్తే ఆ ఇంటి కుళాయి చూస్తాం. నాలుగిళ్ళకీ సన్నగా వస్తుంటే నాలుగు కుళాయిలూ విప్పుతామా? మెయిన్ దగ్గరికి పోతాం. మీ నాలుగు బర్నర్లూ ఒకే తీరున మూలుగుతున్నాయి. అంటే జబ్బు అవి చీలక ముందే ఎక్కడో ఉంది. బండ మార్చారు. పైపూ రెగ్యులేటరూ మార్చారు. ఇన్ని మార్చినా మారనిది ఒక్కటే, మీరు చక్రం తిప్పే తీరు. తప్పు పడుతున్నానని అనుకోకండి."

అల్లుడు అనుకోలేదు. అనుకోవడానికి తీరిక లేదు, అప్పటికే ఆ నట్టు వంక వంగి చూస్తున్నాడు.

టెక్సస్ ఎండలో బండ లోపల ప్రొపేన్ చదరపు అంగుళానికి 170 పౌండ్ల పైచిలుకు ఒత్తిడితో ఉంటుంది. రెగ్యులేటరు దాన్ని అర పౌండు లోపుకి దించి పొయ్యికి పంపుతుంది. మన వంటింటి రెగ్యులేటరు పంపే ఒత్తిడీ ఇంచుమించు అంతే. అక్కడి గ్రిల్ బండ 20 పౌండ్లది, అంటే తొమ్మిది కిలోలు, మన 14.2 కిలోల బండ కంటే చిన్నది. దాని నట్టు లోపల మాత్రం మన వంటిళ్ళలో కనపడని అడ్డు ఒకటి ఉంటుంది. గ్యాసు ఉన్నట్టుండి ఉరికితే ఆ అడ్డు దాన్ని 'పైపు తెగింది' అని లెక్కవేసుకుంటుంది. వెంటనే దారి మూసేసి, పక్కనున్న సన్న సందులోంచి పిసరంత మాత్రం వదులుతుంది. నాబులు తెరిచి ఉండగా చక్రం ఒక్కసారిగా తిప్పితే, ఖాళీ పైపులోకి ఉరికే గ్యాసుకీ, తెగిన పైపులోంచి ఉరికే గ్యాసుకీ ఆ అడ్డుకి తేడా తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. దాని పని ఇల్లు కాలకుండా చూడడం.

పెద్దాయనకి ఆ అడ్డు పేరు తెలియదు. కాలువలు తెలుసు. "దుగ్గిరాల లాకులు చూశారుగా. కాలవ ఎండి ఉన్నప్పుడు తలుపులన్నీ ఒక్కసారి ఎత్తరు. ముందు కాస్త వదులుతారు, అడుగు తడుస్తుంది, నీరు నిలబడుతుంది. అప్పుడు మిగతాది వదులుతారు. లేకపోతే గట్టు తెగుతుంది. ఈ చప్పుడు చేసేది ఎవరో గానీ గట్టు తెగుతోందని బెదిరిపోతోంది."

ఆయన చెప్పినట్టే చేశాడు అల్లుడు. నాబులు నాలుగూ మూశాడు. చక్రం మూశాడు. నట్టు చేత్తో వదులు చేసి, బండ నుంచి ఊడదీసి పక్కన పెట్టాడు. "కాసేపు ఆగండి" అన్నాడు పెద్దాయన. అల్లుడు ఫోను తీసి టైము చూశాడు, మళ్ళీ జేబులో పెట్టేశాడు. అయిదు నిమిషాలు ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. పక్కింటి కంచె మీద ఒక ఉడుత అటూ ఇటూ తిరిగింది. తర్వాత నట్టు చేత్తోనే బిగించాడు, రెంచి వాడలేదు. గ్రిల్ మూత ఎత్తే ఉంది. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. మూత వేసి ఉన్న గ్రిల్‌లో అది అడుగున చేరి కాచుకుని ఉంటుంది, నిప్పు తగలగానే ఒక్కసారి భగ్గుమంటుంది. అందుకే మూత సంగతి ఆయన రెండుసార్లు అడిగాడు.

"ఇప్పుడు తిప్పండి. పసిబిడ్డకి పాలు పట్టినట్టు."

అల్లుడు చక్రాన్ని వేలెడు తిప్పి ఆగాడు. చప్పుడు లేదు. ఇంకో వేలెడు. చప్పుడు లేదు. పైపు నిండేదాకా ఆగి, ఒక్క నాబు తిప్పి వెలిగించాడు. నీలం మంట బర్నరు పొడుగునా పాకి నిలబడింది. రెండోది, మూడోది వెలిగాయి. నాలుగోది వెలిగింది కానీ పచ్చగా, బద్ధకంగా, పొగ చిమ్ముతూ ఊగుతోంది.

"ఇదేమిటండీ మళ్ళీ?" అల్లుడి గొంతులో పాత కోపం తిరిగొచ్చింది.

"ఇది వేరే జబ్బు. ఒక్కదానికే కదా. ఇప్పుడు ఆ కుళాయి విప్పుదాం."

అన్నీ కట్టేసి, ఇనుము చల్లారేదాకా ఆగారు. బర్నరు బయటికి తీశారు. పైన చిల్లులు అల్లుడు తోమినవే, మెరుస్తున్నాయి. పెద్దాయన దాన్ని తిరగేసి, గాలీ గ్యాసూ కలిసే గొట్టం మూతి దగ్గర కన్ను పెట్టాడు. ఇల్లు తుడిచే పుల్లల చీపురులోంచి ఒక పుల్ల అడిగాడు. అది ఆ ఇంట్లో లేదు కాబట్టి కూతురు బట్టల హ్యాంగరు తీగ వంచి ఇచ్చింది. దాంతో మెల్లగా తిప్పి లాగితే లోపలి నుంచి దూది ఉండలాంటిది వచ్చింది. సాలెగూడు. నడుమ గుడ్ల సంచి, చుట్టూ తెల్లటి దారాలు. పైన ఎంత తోమినా గాలి దూరే చోట ఆ దారాలు అడ్డం కూర్చున్నాయి, గాలి కలవని గ్యాసు పచ్చగా మండింది. ఆ దేశంలో కొన్ని రకాల సాలీళ్ళకి గ్యాసు, పెట్రోలు వాసనలంటే ఇష్టమని చెబుతారు. పెట్రోలు ట్యాంకు గాలిగొట్టాల్లో గూళ్ళు కడుతున్నాయని మాజ్దా కంపెనీ 2011లో వేల కార్లని వెనక్కి పిలిపించి సరిచేయాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం వంకాయలు కాలాయి. పెద్దాయన ఒక్కోదానికి నూనె రాసి, గాట్లు పెట్టి, మంట మీద తిప్పుతూ నిలబడ్డాడు. తొక్క నల్లబడి చిట్లి, లోపలి రసం బుసబుసమని బర్నరు మీద పడింది. కాలిన తొక్క వలిచి, పచ్చిమిరపకాయలూ చింతపండూ ఉప్పూ వేసి చేత్తో పిసికాడు. అల్లుడు పక్కన నిలబడి, "మామయ్యగారూ, కొట్టు పెట్టిన కొత్తలో మీకు మొదట వచ్చిన స్టవ్వు గుర్తుందా?" అని అడిగాడు. అడిగి ఊరుకున్నాడు. ఇంకో ప్రశ్న వేయలేదు. చాలాసేపటికి పెద్దాయన మొదలుపెట్టాడు, అన్నాలు తినడం అయిపోయాక కూడా చెబుతూనే ఉన్నాడు.

నీతి: తగ్గిన మంటని చూసి ఏదో పాడైందని తొందరపడకూడదు. కొన్నిసార్లు అది మన దూకుడు చూసి కాపలావాడు తలుపు దగ్గరికి వేయడం. వాణ్ణి తిట్టి, తలుపు ఇంకా గట్టిగా తోస్తే తెరుచుకోదు. అన్నీ మూసి, కాసేపు ఆగి, మొదటి నుంచి మెల్లగా మొదలుపెట్టాలి.

ఈ కథలో నాకు బాగా నచ్చేది ఆ అయిదు నిమిషాలు. మూడు వారాలు కొత్త సామాను కొనడానికి దొరికిన ఓపిక, ఊరికే కూర్చోవడానికి దొరకలేదు అల్లుడికి. మనలో చాలామందిమి అంతే. మార్చగలిగినవన్నీ మారుస్తాం, మన చెయ్యి తిరిగే తీరు మాత్రం లెక్కలోకి రానివ్వం. మనుషుల దగ్గరా ఇదే చేస్తాం. ఎనభై ఏళ్ళ తండ్రి అమెరికాలో దిగిన గంటకే పది వద్దులు ఒక్క ఊపున చెప్పేసి, ఆ తర్వాత ఆయన నోరు తెరవడం లేదని డాక్టరుకి చూపించాలా అని ఆలోచిస్తాం. ఆయనలో ఏమీ అయిపోలేదు. బండ నిండుగానే ఉంది. లోపల ఏదో 'టక్' మంది, మనం వినలేదు.

కాపలాని విసుక్కోవడం మనకి అలవాటు. గ్యాసు వాసన చూడండి, ముక్కు మూసుకుంటాం. నిజానికి ప్రొపేన్‌కి వాసన లేదు, సహజవాయువుకీ లేదు. అది మనుషులు కావాలని కలిపిన కంపు. డాలస్‌కి తూర్పున న్యూ లండన్ అనే ఊళ్ళో 1937 మార్చి 18న ఒక బడి కింద వాసన లేని గ్యాసు చేరింది, ఎవరికీ తెలియలేదు. బడి పేలిపోయి దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. ఆ తర్వాతే టెక్సస్‌లో గ్యాసుకి వాసన కలిపి తీరాలని చట్టం వచ్చింది. బండ మీది మూడు మూలల చక్రమూ అట్లాంటిదే. లోపల ఒక తేలుడు బుడ్డి ఉందనీ, బండని నూటికి 80 పాళ్ళకి మించి నిండనివ్వదనీ దానికి గుర్తు. 2002 ఏప్రిల్ 1 నుంచి ఆ ఏర్పాటు లేని గ్రిల్ బండలని అక్కడ నింపడం మానేశారు. ఖాళీ వదిలారేమని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎండకి ఉబ్బిన ప్రొపేన్‌కి చోటు కావాలి కాబట్టి వదిలారు.

అయితే ఈ నీతిని సగమే నేర్చుకుంటే ప్రమాదం. కాపలావాడు ఊరికే బెదిరిపోయేవాడని ఎప్పుడూ అనుకోకూడదు. ఆ మిగతా సగం అల్లుడికి మరుసటి ఏడాది తెలిసింది. అప్పటికి పెద్దాయన తెనాలి వెళ్ళిపోయాడు.

మళ్ళీ మే నెల. నాబులు మూసి ఉన్నాయి, మూత ఎత్తి ఉంది, చక్రం వేలెడు వేలెడు తిప్పాడు. అంతా వరస ప్రకారమే. అయినా నట్టు దగ్గర 'టక్' మంది. అల్లుడు ఈసారి తిట్టలేదు. చక్రం మూసి, నట్టు వదులు చేసి, అయిదు నిమిషాలు కూర్చున్నాడు. మళ్ళీ మెల్లగా తిప్పాడు. మళ్ళీ 'టక్'. ఈసారి కాస్త వాసన కూడా.

వెంటనే మూసేశాడు. అగ్గి ముట్టించలేదు. గాలి ఆడనిచ్చి, ఒక గిన్నెలో గిన్నెలు తోమే సబ్బూ నీళ్ళూ సమంగా కలిపాడు. పెయింటు బ్రష్షుతో నట్టు నుంచి నాబుల దాకా పైపంతా పూశాడు. చక్రం వేలెడు తిప్పి వంగి చూశాడు. పైపు పైభాగం శుభ్రంగా ఉంది. కిందివైపు, కంటికి కనపడని వంపులో, నురగ ఉబ్బి పెద్ద బుడగై పగిలింది, వెంటనే ఇంకోటి ఉబ్బింది.

చక్రం బిగించేసి ఆ వంపుని వేళ్ళతో తిప్పి చూశాడు. నల్ల రబ్బరు మీద వరసగా చిన్న చిన్న గాట్లు. ఉడుత పళ్ళు. ఒకచోట పెన్సిలు ములుకు దూరేంత కన్నం.

అప్పుడు తెనాలిలో తెల్లవారుతోంది. మామగారికి ఫోన్ చేసి చెప్పాడు.

"మంచి పని చేశారు" అన్నాడాయన. "కొత్త పైపు వచ్చేదాకా వంకాయలు ఫ్రిజ్‌లో పెట్టండి."